గ్రంథస్వామ్య చట్టం – ఉన్నత విద్య: నకలు హక్కు, అనువాద హక్కు

పుస్తకం హస్తభూషణమని మన పెద్దలు అన్నారు. అయితే ఆ భూషణాన్ని ధరించే స్తోమతు ఎందరికి ఉన్నదన్న ప్రశ్న మన దేశంలో ఉన్నత విద్యను మొదటినుండీ వెంటాడుతూనే ఉన్నది. మాచర్ల, గురజాల ప్రాంతాల నుండి డిగ్రీ చదువుకు వచ్చే విద్యార్థి ఇంటిలో అంతకుముందు కళాశాల గడప తొక్కినవారు తరచుగా ఉండరు. అతనికి అర్థశాస్త్రంలోనో, రసాయన శాస్త్రంలోనో ప్రామాణిక గ్రంథం కావాలంటే రెండు గోడలు అడ్డు నిలుస్తాయి. మొదటిది ధర. రెండవది భాష. ఈ రెండు గోడలు దాటలేని విద్యార్థి బజారులో దొరికే గైడును ఆశ్రయిస్తాడు. పరీక్ష గట్టెక్కుతుంది కాని శాస్త్రం పట్టుబడదు.

ఈ రెండు గోడలకూ గ్రంథస్వామ్య చట్టంతో, అనగా కాపీరైటు చట్టంతో, సంబంధం ఉన్నది. ఆ చట్టం గోడ మాత్రమే కాదు, అందులో ద్వారాలు కూడా ఉన్నాయి. మొదటి గోడలోని ద్వారాన్ని ఢిల్లీ విద్యార్థులు, అధ్యాపకులు న్యాయస్థానంలో నిలిచి తెరిపించారు. రెండవ గోడలోని ద్వారం నాలుగు దశాబ్దాలుగా ఉన్నప్పటికీ దానిని తట్టినవారు లేరనే చెప్పవలసి వస్తుంది. తెలుగు, ఉర్దూ మాతృభాషలుగా గల విద్యార్థులున్న మన వంటి కళాశాలకు ఈ రెండవ ద్వారమే ముఖ్యమైనదని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

చట్టం – దాని స్వరూపం

మన దేశంలో నేడు అమలులో ఉన్న కాపీరైటు చట్టం 1957లో పార్లమెంటు ఆమోదం పొంది, 1958 జనవరి 21 నుండి అమలులోనికి వచ్చింది. రచయిత తన రచనను ముద్రించడానికి, నకళ్లు తీయడానికి, అనువదించడానికి, రూపాంతరం చేయడానికి గల హక్కులను ఈ చట్టం అతనికే, లేదా అతని నుండి హక్కు పొందినవారికే ప్రత్యేకిస్తున్నది. ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. భావం మీద ఎవరికీ స్వామ్యం లేదు. భావాన్ని వ్యక్తం చేసిన వాక్యరచన మీదనే స్వామ్యం. గిరాకీ సూత్రాన్ని ఏ అధ్యాపకుడైనా తన మాటలలో వ్రాసి పంచిపెట్టవచ్చు. దానిని వివరించిన ఒకానొక గ్రంథంలోని పేజీలను ముద్రించి అమ్మడం మాత్రం వేరు విషయం.

ఈ హక్కు శాశ్వతం కాదు. రచయిత జీవితకాలమూ, ఆ తరువాత అరువది సంవత్సరాలూ దీని పరిమితి. మొదట ఈ గడువు ఏబది సంవత్సరాలే. 1941లో దివంగతులైన విశ్వకవి రవీంద్రనాథ ఠాగూరు రచనలపై హక్కు 1991 చివర ముగియనుండగా, ఆ సందర్భాన్ని పురస్కరించుకొని గడువును మరి పదేండ్లు పొడిగించారు. ఒక కవి రచనల నిమిత్తం జరిగిన మార్పు దేశంలోని రచయితలందరికీ వర్తించింది.

దీనిని మన సీమ ఉదాహరణలతో చూద్దాం. వినుకొండలో జన్మించిన మహాకవి గుఱ్ఱం జాషువా 1971 జూలై 24న కీర్తిశేషులైనారు. గడువు మరుసటి సంవత్సరం ఆరంభం నుండి లెక్కకు వస్తుంది. కనుక ఆయన జీవించి ఉండగా ప్రకటించిన కావ్యాలపై హక్కు 2031 డిసెంబరు 31తో ముగుస్తుంది. ఇక శ్రీనాథుని రచనగా ప్రసిద్ధి చెందిన ‘పల్నాటి వీరచరిత్ర’ పైన ఎవరికీ ఏ హక్కూ లేదు. అయితే పల్నాటివాడైన అక్కిరాజు ఉమాకాంతం 1911లో ఆ కావ్యాన్ని పరిష్కరించి ప్రకటిస్తూ విపులమైన పీఠికను సంతరించారు. ఆయన 1942లో మరణించారు. కనుక ఆ పీఠిక కూడా 2002 చివరి వరకు రక్షణ పొంది, ఇప్పుడు సర్వజనుల సొత్తు అయినది. ఒకే పుస్తకంలో మూలానికి ఒక లెక్క, పీఠికకు మరొక లెక్క ఉండవచ్చునని దీనివలన తెలుస్తున్నది.

ఢిల్లీ విశ్వవిద్యాలయ వ్యాజ్యం

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరీ ఫోటోకాపీ సర్వీస్ అనే చిన్న జిరాక్స్ దుకాణం ఉన్నది. విశ్వవిద్యాలయం అనుమతితోనే అది నడిచేది. అధ్యాపకులు తమ పాఠ్యప్రణాళికను అనుసరించి వివిధ గ్రంథాలనుండి అవసరమైన అధ్యాయాలను ఎంపిక చేసేవారు. దుకాణదారు వాటికి నకళ్లు తీసి, ఒక సంకలనంగా కుట్టి విద్యార్థులకు ఇచ్చేవాడు. ఒక్కొక్క గ్రంథం నుండి ఒకటి రెండు అధ్యాయాలే అవసరమైనప్పుడు ఆ గ్రంథాలన్నింటినీ కొనడం ఏ విద్యార్థికీ సాధ్యం కాదు.

2012 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల ముద్రణ సంస్థలు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థా కలిసి ఆ దుకాణం పైన, విశ్వవిద్యాలయం పైన ఢిల్లీ హైకోర్టులో దావా వేశాయి. తమ అనుమతి లేకుండా, రుసుము చెల్లించకుండా ఈ సంకలనాలు తయారు చేయడం హక్కుల ఉల్లంఘన అని వాటి వాదం. అదే సంవత్సరం అక్టోబరులో తాత్కాలిక నిషేధపు ఉత్తర్వు వెలువడింది. విద్యార్థులు ఒక సంఘంగా ఏర్పడి వ్యాజ్యంలో తామూ కక్షిదారులుగా చేరారు. అధ్యాపకులు మరొక సంఘంగా చేరారు. గమనింపదగిన సంగతి ఏమంటే, ఆ సంకలనాలలో తమ రచనలు చోటుచేసుకున్న పలువురు రచయితలే ఈ దావాను ఉపసంహరించవలసిందని ప్రచురణ సంస్థలకు విజ్ఞప్తి చేశారు. ఎవరి హక్కును కాపాడుతున్నామని సంస్థలు చెప్పుకొన్నాయో, వారిలో అనేకులు ఆ రక్షణను కోరలేదు.

2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా దావాను కొట్టివేశారు. గ్రంథస్వామ్యం దైవదత్తమైనదీ కాదు, సహజసిద్ధమైనదీ కాదు. సమాజంలో విజ్ఞానాన్ని పెంపొందించే నిమిత్తం చట్టం కల్పించిన హక్కు మాత్రమేనన్నది ఆ తీర్పులోని సారాంశం. పూర్వం విద్యార్థులు గ్రంథాలయంలో కూర్చుండి చేతితో వ్రాసుకొనేవారు. యంత్రం రావడంతో అదే పని సులభమైనది. చేతితో చేసినప్పుడు నేరం కానిది యంత్రంతో చేసినంత మాత్రాన నేరం కాజాలదని న్యాయమూర్తి అభిప్రాయపడ్డారు.

ప్రచురణ సంస్థలు అప్పీలు చేయగా, 2016 డిసెంబరు 9న ద్విసభ్య ధర్మాసనం తీర్పు చెప్పింది. చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం అధ్యాపకుడు గాని, విద్యార్థి గాని “బోధనాక్రమంలో” చేసే పునర్ముద్రణ ఉల్లంఘన కాదు. బోధనాక్రమం అంటే తరగతి గదిలో గంట మ్రోగినప్పటినుండి మరల గంట మ్రోగేవరకు మాత్రమే కాదనీ, పాఠ్యప్రణాళిక తయారీ నుండి పరీక్ష వరకు సాగే మొత్తం కార్యక్రమమనీ ధర్మాసనం విశాలమైన అర్థం చెప్పింది. ఎన్ని పేజీలు అన్నది కాదు, బోధనకు ఎంత అవసరం అన్నదే కొలబద్ద అని కూడా వివరించింది. అయితే ఆయా భాగాలు బోధనకు నిజంగా అవసరమా, పూర్తి పుస్తకాలకు నకళ్లు తీయడం సమంజసమా అన్న వాస్తవాంశాలను విచారించవలసిందిగా కింది న్యాయస్థానానికి పంపింది. ఆ విచారణ సాగకముందే 2017 మార్చిలో ప్రచురణ సంస్థలు దావాను ఉపసంహరించుకొన్నాయి. నకళ్ల హక్కుల సంఘం ఒకటి సుప్రీం కోర్టును ఆశ్రయించగా, 2017 మే 9న ఆ అభ్యర్థన కూడా తిరస్కృతమైనది.

ఏది సమ్మతం, ఏది అసమ్మతం

ఈ తీర్పునూ, చట్టంలోని 52వ సెక్షన్‌నూ కలిపి చదివితే మన కళాశాలకు ఉపకరించే కొన్ని సూత్రాలు లభిస్తాయి.

1. స్వంత అధ్యయనానికీ, పరిశోధనకూ రచనలోని భాగాలను న్యాయబద్ధంగా వినియోగించుకొనే స్వేచ్ఛ ప్రతి విద్యార్థికీ ఉన్నది.

2. బోధనకు అవసరమైన భాగాలను అధ్యాపకుడు నకళ్లు తీయించి తన విద్యార్థులకు అందించవచ్చు. ప్రశ్నపత్రంలో గాని, జవాబులో గాని రచనా భాగాలను చేర్చడం కూడా ఉల్లంఘన కాదు.

3. భారతదేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి, లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన ఉపయోగం నిమిత్తం మూడు ప్రతులకు మించకుండా నకళ్లు తీసుకొనవచ్చు. తన వద్ద అచ్చు ప్రతి ఉన్న గ్రంథాన్ని భద్రపరచడం కోసం కంప్యూటరులో నిక్షిప్తం చేసుకొనవచ్చు.

4. దృష్టిలోపం మొదలైన వైకల్యాలు గల విద్యార్థుల కోసం గ్రంథాన్ని బ్రెయిలీ లిపిలోనికి గాని, శ్రవ్యరూపంలోనికి గాని మార్చవచ్చు. 2012 సవరణ ఈ సౌకర్యం కల్పించింది. ఈ విషయమై 2013లో మరాకేష్ నగరంలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో అందరికంటె ముందుగా ధ్రువీకరించిన దేశం మనదే.

5. కళాశాల వార్షికోత్సవంలో విద్యార్థులు, అధ్యాపకులు ఒక నాటకం ప్రదర్శించినప్పుడు ప్రేక్షకులు కళాశాలకు చెందినవారు, విద్యార్థుల తల్లిదండ్రులు, సంరక్షకులు మాత్రమే అయినట్లయితే రచయిత అనుమతి అవసరం లేదు. టిక్కెట్టు పెట్టి ఊరివారందరినీ ఆహ్వానిస్తే ఈ మినహాయింపు వర్తించదు.

ఇక అసమ్మతమైనవి. బజారులో సరసమైన ధరకు దొరికే పుస్తకాన్ని అట్ట నుండి అట్ట వరకు జిరాక్స్ తీయించి అమ్మడానికి ఈ తీర్పు ఏ రక్షణా ఇవ్వదు. తెలుగులో పాఠ్యగ్రంథం వ్రాసిన అధ్యాపకునికి వచ్చే ప్రతిఫలం అసలే స్వల్పం. ఆ పుస్తకాన్ని ప్రకటించిన విజయవాడ ప్రచురణకర్త విదేశీ సంస్థవంటి ధనవంతుడు కాడు. అతని పుస్తకాన్ని దొంగచాటుగా ముద్రిస్తే మరుసటి పుస్తకం రాదు. నష్టపోయేది తెలుగు విద్యార్థే. హక్కునూ, దాని హద్దునూ రెండింటినీ ఎరిగి ఉండటం విద్యావంతుని లక్షణం.

చవక పుస్తకాల కాలం

ఒకప్పుడు మన కళాశాల గ్రంథాలయాలలో చవక పుస్తకాలు విరివిగా కనిపించేవి. బ్రిటిష్ ప్రభుత్వం తన ఖర్చుతో ‘ఇంగ్లీష్ లాంగ్వేజ్ బుక్ సొసైటీ’ పేర 1960 ప్రాంతం నుండి ప్రామాణిక పాఠ్యగ్రంథాలను తక్కువ ధరకు అందించింది. అమెరికా ప్రభుత్వం కూడా భారత ప్రభుత్వంతో కలిసి పాఠ్యగ్రంథాల చవక ముద్రణలు తీసుకువచ్చింది. సోవియట్ యూనియన్ నుండి మీర్ ప్రచురణాలయం వారి గణిత, భౌతిక శాస్త్ర గ్రంథాలు వచ్చేవి. సోవియట్ పుస్తకాలు తెలుగులోనే అచ్చయి విశాలాంధ్ర పుస్తకశాలల ద్వారా పల్లెటూళ్లకు సైతం చేరేవి.

ఇవన్నీ మనకు మేలు చేసినవే. అయితే అవి మన హక్కుగా రాలేదు. అగ్రరాజ్యాల పోటీలో భాగంగా వచ్చాయి. 1991లో సోవియట్ యూనియన్ పతనంతో ఒకటి ఆగిపోయింది. 1997 నాటికి బ్రిటిష్ పథకం ముగిసింది. ఇతరుల ఔదార్యం పైన ఆధారపడిన విద్య ఆ ఔదార్యం ముగిసిన నాడు నిరాధారమవుతుందన్న పాఠం ఈ చరిత్ర నేర్పుతున్నది.

భాష అనే రెండవ గోడ

ధర సమస్య తీరినదనుకొందాం. ఢిల్లీ తీర్పును అనుసరించి ఒక ఆంగ్ల గ్రంథంలోని అధ్యాయం నకలు విద్యార్థి చేతికి వచ్చినదనుకొందాం. ఇంటర్మీడియట్ వరకు తెలుగులోనో, ఉర్దూలోనో చదివిన విద్యార్థికి ఆ నకలు ఎంతవరకు ఉపయోగిస్తుంది? కాగితం చేతికి వచ్చింది. విషయం మనస్సుకు రాలేదు. నకలు హక్కు ఆంగ్లం వచ్చిన విద్యార్థికి చేసినంత మేలు రానివానికి చేయదు.

ఈ సమస్యను గుర్తించి దానికి సమాధానం వెదకిన చరిత్ర మన రాష్ట్రాలకు ఉన్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఉన్నత విద్యను ప్రారంభించదలచినప్పుడు, తరగతులు ఆరంభం కాకమునుపే 1917లో హైదరాబాదులో అనువాద శాఖను నెలకొల్పారు. దారుల్ తర్జుమా అని పేరొందిన ఆ శాఖకు మౌల్వీ అబ్దుల్ హక్ తొలి అధిపతి. గణితం, చరిత్ర, తత్త్వశాస్త్రం, వైద్యం, ఇంజనీరింగు వరకు గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చి, వేలాది శాస్త్ర పదాలను సృష్టించిన ఘనత దానిది. మొదట పుస్తకం, పిమ్మట తరగతి అన్న క్రమాన్ని పాటించడంలోనే ఆ ప్రయత్నం గొప్పదనం ఉన్నది. ఆ అనువాదాలలో కొన్నింటి ముఖపత్రాలపైన విదేశీ ప్రచురణకర్తల అనుమతితో ప్రకటిస్తున్నట్లు ముద్రించి ఉండటం గమనించదగినది. నిజాం ప్రభుత్వం సైతం అనుమతి కోరవలసి వచ్చినదంటే అనువాద హక్కు ప్రాముఖ్యం బోధపడుతుంది.

తెలుగుకు సంబంధించి అటువంటి సంస్థ 1968లో వెలసింది. అదే తెలుగు అకాడమి. నాటి విద్యాశాఖ మంత్రి పి.వి. నరసింహారావు దానికి తొలి అధ్యక్షులు. ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయిలలో తెలుగు మాధ్యమం నిలదొక్కుకొన్నదంటే అకాడమి ప్రచురించిన పాఠ్యగ్రంథాలూ, పారిభాషిక పదకోశాలూ అందుకు ముఖ్య కారణం. కాని అకాడమి పుస్తకాలలో హెచ్చుభాగం పాఠ్యప్రణాళికను బట్టి మన అధ్యాపకులు వ్రాసినవే. ప్రపంచంలో ఆయా శాస్త్రాలలో వెలువడుతున్న ప్రామాణిక గ్రంథాలు తెలుగులోనికి వచ్చినది బహు తక్కువ.

తట్టని ద్వారం

వర్ధమాన దేశాల ఈ అవసరాన్ని అంతర్జాతీయ వేదికలపైన గట్టిగా వినిపించిన దేశాలలో భారతదేశం ఒకటి. 1967లో స్టాక్‌హోం నగరంలోనూ, 1971లో పారిస్ నగరంలోనూ బెర్న్ ఒడంబడికను సవరించే సభలు జరిగాయి. స్టాక్‌హోంలో వర్ధమాన దేశాలకు ఇవ్వదలచిన సౌకర్యాలకు ప్రచురణ పరిశ్రమ గల సంపన్న దేశాలు అంగీకరించలేదు. పారిస్‌లో రాజీ కుదిరి, ఒడంబడికకు ఒక అనుబంధం చేరింది. దాని ఫలితంగా మన పార్లమెంటు 1983లో కాపీరైటు చట్టాన్ని సవరించింది.

ఆ సవరణ ప్రకారం, బోధన, విద్వత్కృషి, పరిశోధనల నిమిత్తం విదేశీ గ్రంథాన్ని అనువదించి ప్రచురించడానికి హక్కుదారు అనుమతి ఇవ్వకపోయినా అధికార మండలి నుండి అనుమతి పొందవచ్చు. దీనినే నిర్బంధ అనుమతి అంటారు. సాధారణంగా గ్రంథం వెలువడిన మూడు సంవత్సరాల తరువాత ఈ దరఖాస్తు చేయవచ్చు. కాని అభివృద్ధి చెందిన ఏ దేశంలోనూ సామాన్య వ్యవహారంలో లేని భాషలోనికి అనువాదమైతే ఒక్క సంవత్సరం చాలు. తెలుగు ఈ కోవకు చెందినదే. ఉర్దూ కూడా చెందుతుందని వాదించడానికి తగిన ఆధారం ఉన్నది. అనువాదం మాత్రమే కాదు. శాస్త్ర, గణిత, సాంకేతిక గ్రంథాలు మూడేండ్లలోనూ, ఇతర విషయాల గ్రంథాలు అయిదేండ్లలోనూ, కావ్య నాటకాదులు ఏడేండ్లలోనూ మన దేశంలో సరసమైన ధరకు లభించనట్లయితే వాటిని యథాతథంగా పునర్ముద్రించడానికి సైతం ఇటువంటి అనుమతి పొందవచ్చు.

ఇది ఉచితం కాదు. హక్కుదారుకు న్యాయమైన రాయల్టీ చెల్లించాలి. మూల రచయిత పేరు, గ్రంథం పేరు ప్రతి ప్రతిలోనూ ముద్రించాలి. ముందుగా హక్కుదారును అనుమతి కోరినట్లు, అది లభించనట్లు చూపాలి. ఒక సంవత్సరపు గడువు వర్తించే సందర్భంలో ఆ కోరికకు పిమ్మట తొమ్మిది మాసాలు వేచి ఉండాలి. హక్కుదారు తానే సరసమైన ధరకు అదే భాషలో అనువాదాన్ని ప్రకటిస్తే ఈ అనుమతి రద్దవుతుంది. ఆ చివరి షరతు కూడా మనకు నష్టం కాదు. ఎవరు ప్రకటించినా మన విద్యార్థికి పుస్తకం అందుతుంది.

ఇంతటి సౌకర్యం ఉండగా ఎందుకు నిరుపయోగమైనది? ప్రపంచం మొత్తం మీద ఈ అనుబంధాన్ని వినియోగించుకొన్న సందర్భాలు బహు స్వల్పమని నిపుణులందరూ అంగీకరిస్తారు. విధానం చిక్కుగా ఉన్నది. గడువులు దీర్ఘంగా ఉన్నాయి. దరఖాస్తులు విచారించే కాపీరైటు బోర్డు 2017లో మరొక అప్పీలు మండలిలో విలీనమై, ఆ మండలి సైతం 2021లో రద్దు కాగా, ఆ అధికారాలు న్యాయస్థానాలకు సంక్రమించాయి. చిన్న ప్రచురణకర్తకు న్యాయస్థానం మెట్లెక్కే ఓపిక ఉండదు. అన్నిటికంటె ముఖ్యమైన కారణం, ఈ హక్కు ఉన్నదన్న సంగతే కళాశాలలకు తెలియకపోవడం. ఢిల్లీలో నకలు హక్కు కోసం విద్యార్థులు సంఘటితమైనారు. అనువాద హక్కు కోసం అటువంటి సంఘం ఏ వర్ధమాన భాషలోనూ ఏర్పడలేదు.

మన కర్తవ్యం

ప్రభుత్వాలు కొంత చేస్తున్నాయి. పరిశోధన పత్రికలను ఉమ్మడిగా అందించే ‘ఒకే దేశం – ఒకే చందా’ పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించింది. మూడు సంవత్సరాలకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి 2025 జనవరి నుండి దీనిని ప్రారంభించారు. అయితే మొదటి దశ ప్రభుత్వ యాజమాన్యంలోని విద్యాసంస్థలకు ఉద్దేశించినది. మైనారిటీ యాజమాన్యాలు నడిపే ప్రైవేటు కళాశాలలు ఆ పరిధిలోనికి రాలేదు. భారతీయ భాషలలో ఉన్నత విద్యాగ్రంథాలు సిద్ధం చేసే ‘అస్మిత’ పథకం 2024 జూలైలో ఆరంభమైనది. అయిదేండ్లలో 22 భాషలలో 22,000 గ్రంథాలు దాని లక్ష్యం. తెలుగు, ఉర్దూ రెండూ అందులో ఉన్నాయి.

రాజ్యాంగంలోని 29వ అధికరణం భాషను, లిపిని కాపాడుకొనే హక్కును, 30వ అధికరణం విద్యాసంస్థలను నెలకొల్పుకొనే హక్కును మైనారిటీలకు ప్రసాదించాయి. కళాశాల భవనం నిలబెట్టుకొని, ఆ భాషలో చదవడానికి గ్రంథం లేకపోతే ఈ రెండు హక్కులూ సగమే సిద్ధించినట్లు. కనుక మన కళాశాల కమిటీ వారి ఆలోచన నిమిత్తం కొన్ని సూచనలు చేయడం అనుచితం కాదు.

మొదటిది, గ్రంథాలయంలో జిరాక్స్ యంత్రం వద్ద 52వ సెక్షన్ సారాంశాన్ని తెలుగులోనూ, ఉర్దూలోనూ వ్రాయించి ఉంచాలి. రెండవది, ప్రతి శాఖ తన పాఠ్యప్రణాళికకు అవసరమైన అధ్యాయాలను ఎంపిక చేసి, మూల గ్రంథాల పేర్లు విధిగా పేర్కొంటూ, లాభాపేక్ష లేకుండా సంకలనాలు సిద్ధం చేయాలి. మూడవది, అధ్యాపకులు తాము వ్రాసిన పాఠాలను ఎవరైనా నకలు తీసుకొనవచ్చునన్న ప్రకటనతో వెలువరించాలి. ఇందుకు ఎవరి అనుమతీ అవసరం లేదు.

నాలుగవది అన్నింటిలోనూ ముఖ్యమైనది. తెలుగు, ఉర్దూ, ఆంగ్లం మూడూ ఎరిగిన అధ్యాపకులు, విద్యార్థులు ఒకే కప్పు కింద ఉండటం మన కళాశాలకు లభించిన అరుదైన సంపద. వారితో ఒక అనువాద మండలిని ఏర్పరచి, సంవత్సరానికి ఒక్క గ్రంథాన్ని ఎన్నుకొని, దాని హక్కుదారుకు అనుమతి కోరుతూ ఒక ఉత్తరం వ్రాయాలి. దానికి అయ్యే ఖర్చు తపాలా బిళ్ల మాత్రమే. అనుమతి వస్తే పని ఆరంభమవుతుంది. రాకపోతే, చట్టం చెప్పిన నిరీక్షణకు ఆ ఉత్తరమే నాంది అవుతుంది. ఆ ఉత్తరం లేనిదే ఏ న్యాయస్థానమూ మన మొర ఆలకించజాలదు.

విద్యార్థులారా! మీ చేతిలోని నకలు కాగితం వెనుక అయిదేండ్లు సాగిన న్యాయపోరాటం ఉన్నది. మీకంటె పెద్దవారు ఆ పోరాటం చేయడం వలననే మీరు నిర్భయంగా ఆ కాగితాన్ని చదువుకొంటున్నారు. అదే విషయాన్ని మీ తరువాత వచ్చే మాచర్ల, గురజాల విద్యార్థి తన స్వంత భాషలో చదువుకొనగలగాలంటే తరువాతి ప్రయత్నం మీదే కావాలి.